పులికాట్ మొగ, అరిగిన చీపురు

“పులికాట్‌లో మొగ తవ్వించినా మళ్లీ ఎందుకు పూడిపోతుంది? గంగమ్మ కోపమేనా?” అని సూళ్లూరుపేట నుంచి ఒక పాఠకుడు అడిగారు. చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అని పిల్లల చేత బట్టీ పట్టిస్తాం గానీ, మొగ సంగతి, అంటే సరస్సు సముద్రంలో కలిసే నోటి సంగతి, ఏ మాస్టారూ ఎత్తరు.

గంగమ్మను కాసేపు వదిలేసి చీపురు పట్టుకుందాం. గాలికి వాకిట్లో దుమ్ము చేరుతూనే ఉంటుంది, రోజూ ఊడిస్తేనే గడప కనిపిస్తుంది. ఇక్కడి దుమ్ము సముద్రపు ఇసుక. నైరుతి గాలుల కాలంలో అలలు ఏటవాలుగా తగిలి దాన్ని ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. మొత్తమ్మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. చెన్నై హార్బరు గోడ ఈ ఇసుకకు అడ్డు పడబట్టే దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం ఒడ్డు కోసుకుపోయింది.

చీపురేమో ఆటుపోట్లు. రోజుకు రెండుసార్లు పోటుకు నీరు లోపలికి, ఆటుకు బయటికి. మొగలో ఆ పరుగు సెకనుకు సుమారు మీటరుంటే ఇసుక నిలవదు. ఆ వేగం రావాలంటే వచ్చిపోయే నీరు దండిగా ఉండాలి. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా మీటరు అటూఇటూ, సరస్సు సగటు లోతూ అంతే. పైగా కాళంగి, స్వర్ణముఖి, ఆరణి తెచ్చే ఒండ్రుతో మెరకవుతోంది. అంటే చీపురు అరుగుతోంది. నీరు తగ్గితే వేగం తగ్గుతుంది, ఇసుక నిలుస్తుంది, మొగ సన్నబడుతుంది, రాపిడి పెరిగి మరుసటి పోటుకు ఇంకా తక్కువ నీరు వస్తుంది. డ్రెడ్జర్‌తో తవ్వడమంటే గడప ఒక్కసారి ఊడ్చి, అదే అరిగిన చీపురును మళ్లీ మూలన పెట్టడం. అక్టోబరు–డిసెంబరు వానలకు నదులు పొంగితే మాత్రం బిందెలతో కడిగినట్టు తెరుచుకుంటుంది.

లీటరు సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములు. మొగ మూసుకుని, ఎండకు సగం నీరు ఆవిరైతే 70. మే నెలలో శ్రీహరికోట రోడ్డు దిగి చూడండి: నెర్రెలిచ్చిన నేల, పగుళ్ల అంచున తెల్లటి పొర, వేలితో గీస్తే గరగర.

రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. వెంట్రుకంత పిల్ల పోటు నీటితో మొగ దాటి వచ్చి, సరస్సులో పెరిగి, తిరిగి సముద్రానికి పోతుంది. మొగ పూడితే ఆ ఏడాది వలలు తేలికే.

సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదే. కానీ ఉత్తరాన మన రాయదొరువు, కొండూరుపాళెం మొగలు పూడినప్పుడు నీరూ చేపా మిగిలేది దక్షిణాన, తమిళనాడులోని పళవేర్కాడు వైపే. డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నది అక్కడే. మన పడవలు అటు వెళ్తాయి. ఎవరి నీళ్లు ఎక్కడిదాకా అని రెండు వైపుల జాలర్లకూ గొడవ మొదలవుతుంది.