3,667: ఒక సంఖ్య వెనుక అర్ధ శతాబ్దపు నిబంధనలు

2024 మార్చి 3న అయోవా సిటీలోని కార్వర్ హాక్‌ఐ అరీనాలో, ఒహాయో స్టేట్‌తో జరుగుతున్న మ్యాచ్ మొదటి సగం ముగియడానికి ఒక్క సెకను కూడా లేని సమయంలో, అయోవా విశ్వవిద్యాలయ క్రీడాకారిణి కేట్లిన్ క్లార్క్ ఫ్రీత్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) గీత దగ్గర నిలబడింది. ప్రత్యర్థి జట్టు టెక్నికల్ ఫౌల్ వల్ల దక్కిన ఆ రెండు ఫ్రీత్రోలనూ ఆమె రింగులో వేయడంతో, 1970 నుంచి పీట్ మారవిచ్ పేరు మీద చెక్కుచెదరకుండా ఉన్న 3,667 పాయింట్ల రికార్డు రెండో స్థానానికి దిగింది. అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ అగ్రశ్రేణి విభాగంలో పురుషులు, మహిళలు అన్న తేడా లేకుండా అత్యధిక పాయింట్లు ఇప్పుడు ఆమెవి. వెంటనే పాత వాదన మళ్లీ మొదలైంది. మారవిచ్ మూడేళ్లే ఆడాడు, క్లార్క్ నాలుగేళ్లు ఆడింది. దూరం నుంచి వేసిన బుట్టకు రెండుకు బదులు మూడు పాయింట్లు ఇచ్చే గీత అతని కాలంలో లేదు, ఆమె కాలంలో ఉంది. అలాంటప్పుడు ఈ పోలిక న్యాయమేనా అన్నదే ఆ వాదన. వాదించేవారు చెప్పే వివరాలన్నీ నిజమే. కానీ ఆ తేడాలు ఎలా ఏర్పడ్డాయో తెలిస్తేనే, మనం గొప్పగా తలచుకునే ఆటగాళ్ల ఘనత ఎక్కడుందో అర్థమవుతుంది.

ముందుగా మారవిచ్ సంగతి. 1966లో అతను లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. జట్టు కోచ్ అతని తండ్రి ప్రెస్ మారవిచ్. ఆ ఏడాది కళాశాల ప్రధాన జట్టు మూడే మ్యాచ్‌లు గెలిచి 23 ఓడిపోయింది. పీట్ మాత్రం మొదటి ఏడాది విద్యార్థుల జట్టులో 17 మ్యాచ్‌లు ఆడి 741 పాయింట్లు సాధించాడు. ఆ 741లో ఒక్క పాయింటు కూడా 3,667లో చేరలేదు. కొత్తగా చేరిన విద్యార్థి ముందు చదువుకు అలవాటు పడాలన్న ఉద్దేశంతో, అమెరికా కళాశాల క్రీడలను నిర్వహించే సంఘం ఎన్‌సీఏఏ అప్పట్లో మొదటి ఏడాది వారిని ప్రధాన జట్టులో ఆడనిచ్చేది కాదు. అందువల్ల అతనికి మిగిలినవి మూడు సీజన్లు, 83 మ్యాచ్‌లు. వాటిలో రెండేసి పాయింట్ల బుట్టలు 1,387 వేశాడు, ఒక్కో పాయింటు ఇచ్చే ఫ్రీత్రోలు 893 సాధించాడు. లెక్క వేస్తే సరిగ్గా 3,667 వస్తుంది. మ్యాచ్‌కు సగటున 44.2 పాయింట్లు. జారిపోయే బూడిదరంగు మేజోళ్లతో, చూడకుండా వెనక్కి వేసే పాస్‌లతో అతను ఆడిన తీరును, పశువుల ప్రదర్శనలు జరిగే ప్రాంగణంలో కూర్చుని చూసినవారు చివరిదాకా మరచిపోలేదు. 1970 జనవరి 31న ఆస్కార్ రాబర్ట్‌సన్ నెలకొల్పిన 2,973 పాయింట్ల రికార్డును దాటాడు. వారం తరువాత అలబామాపై 69 పాయింట్లు సాధించినా అతని జట్టు 106-104తో ఓడిపోయింది. ఎన్‌సీఏఏ టోర్నమెంటులో అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. 1988 జనవరి 5న కాలిఫోర్నియాలోని పాసడీనాలో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతూ కోర్టు మీదే కుప్పకూలి, 40 ఏళ్ల వయసులో మరణించాడు. పుట్టుకతోనే అతని గుండెకు ఎడమ కరోనరీ ధమని లేదని ఆ తరువాత తేలింది. అలాంటి గుండెతో ఆ 83 మ్యాచ్‌లు ఆడాడన్న సంగతి తెలిశాక, ఆ సంఖ్యను వట్టి గణాంకంగా చూడటం నాకు సాధ్యం కాదు.

మొదటి ఏడాది నిషేధం వల్ల నష్టపోయింది మారవిచ్ ఒక్కడే కాదు. 1965లో లాస్ ఏంజెలిస్‌లో పాలీ పెవిలియన్ అనే క్రీడా ప్రాంగణం ప్రారంభ సందర్భంగా అక్కడి యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయపు కొత్త విద్యార్థుల జట్టు, వరుసగా రెండేళ్లు జాతీయ విజేతగా నిలిచిన సొంత ప్రధాన జట్టును 75-60తో ఓడించింది. ఆ కుర్రవాళ్లలో 31 పాయింట్లు చేసిన ల్యూ ఆల్సిండరే తరువాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచానికి తెలిశాడు. దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడై ఉండి కూడా ఆ ఏడాది అతనికి జాతీయ టోర్నమెంటులో చోటు లేదు. తరువాతి మూడేళ్లలో అతని జట్టు 88 మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడింది, మూడు టైటిళ్లూ గెలుచుకుంది. ఆ రెండు ఓటముల్లో ఒకటి 1968 జనవరి 20న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో 52,693 మంది ప్రేక్షకుల ముందు జరిగింది. కంటి గాయంతో దిగిన ఆల్సిండర్ జట్టును, ఎల్విన్ హేస్ 39 పాయింట్ల ఆటతో హ్యూస్టన్ 71-69తో ఓడించి, 47 వరుస విజయాల పరంపరకు తెర దించింది.

ఆల్సిండర్ తొలి టైటిల్ గెలిచిన 1967లోనే డంక్‌ను, అంటే ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి దించేయడాన్ని, నిషేధించారు. గాయాలు, రింగులు విరగడం వంటి కారణాలు చెప్పినా, నిబంధన ఎవరిని దృష్టిలో పెట్టుకుని వచ్చిందో ఆనాటి అభిమానులకు చెప్పనవసరం లేకపోయింది. 1976 దాకా కొనసాగిన ఈ నిషేధాన్ని మనసులో ఉంచుకుని 1973 ఫైనల్‌ను తలచుకోవాలి. సెయింట్ లూయిస్‌లో మెంఫిస్ స్టేట్ మీద బిల్ వాల్టన్ 22 ప్రయత్నాల్లో 21 బుట్టలు వేసి 44 పాయింట్లు సాధించాడు. నేటి పొడవాటి ఆటగాళ్లు బంతిని రింగులోకి దించేసే చోట, అతను ఆ 21 సార్లూ దాన్ని చేతివేళ్లతో మెత్తగా వదలవలసి వచ్చింది. కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఒక్క రాత్రి ఆటగా దీనిని మించినది నాకు తెలియదు.

రాయని నిబంధన కూడా ఒకటి ఉండేది. మారవిచ్ ఆడిన సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కళాశాలల కూటమిలో నల్లజాతి ఆటగాడు ప్రధాన జట్టులో తొలిసారి కోర్టులోకి దిగింది సరిగ్గా మారవిచ్ తొలి సీజన్‌లోనే. అతను వాండర్‌బిల్ట్‌కు ఆడిన పెర్రీ వాలెస్. అంతకు ముందు, 1966 ఫైనల్‌లో, ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో బరిలోకి దిగిన టెక్సస్ వెస్ట్రన్ అదే కాన్ఫరెన్స్‌కు చెందిన కెంటకీని 72-65తో ఓడించింది. అయినా లూసియానా స్టేట్ జట్టులోకి తొలి నల్లజాతి ఆటగాడు కాలిస్ టెంపుల్ రావడానికి మారవిచ్ వెళ్లిపోయేదాకా ఆగవలసి వచ్చింది. మారవిచ్ ప్రతిభ దీనివల్ల తగ్గదు. కానీ అతనికి ఎదురు నిలవగలిగిన వారిలో ఎందరికి ఆ కోర్టుల్లో ప్రవేశమే లేకపోయిందో, ఏ రికార్డు పుస్తకమూ చెప్పదు.

1972-73 నుంచి మొదటి ఏడాది విద్యార్థులకు ప్రధాన జట్టులో ఆడే అవకాశం వచ్చింది. అందువల్లే 1982 ఫైనల్‌లో జార్జ్‌టౌన్‌పై నార్త్ కరోలినాను 63-62తో గెలిపించిన షాట్, మైకేల్ జోర్డన్ అనే మొదటి ఏడాది కుర్రవాడి చేతి నుంచి వెలువడింది. కానీ అదే నెలలో అదే జట్టు తన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో బంతిని నిమిషాల తరబడి చేతులు మార్చుకుంటూ కాలం గడిపి వర్జీనియాపై 47-45తో గెలిచింది. ప్రేక్షకులకు విసుగు పుట్టింది. 1985-86లో 45 సెకన్లలోపు షాట్ వేయాల్సిందేనన్న షాట్ క్లాక్, మరుసటి ఏడాది మూడు పాయింట్ల గీత పురుషుల ఆటలోకి వచ్చాయి. మారవిచ్ దూరం నుంచి వేసిన ప్రతి బుట్టకూ రెండే పాయింట్లు.

ఆటగాళ్లు కళాశాలలో ఎంతకాలం ఉంటారన్నది మరో మలుపు. ఉన్నత పాఠశాల పూర్తయ్యాక నాలుగేళ్లు గడిచేదాకా అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో చేరరాదన్న నిబంధనను డెట్రాయిట్ విశ్వవిద్యాలయం వదిలి వచ్చిన స్పెన్సర్ హేవుడ్ న్యాయస్థానంలో సవాలు చేశాడు. 1971లో సుప్రీంకోర్టు తీర్పు అతని పక్షాన వచ్చింది. ఆ తరువాత గొప్ప ఆటగాళ్లు ఒకరొకరుగా ముందే వెళ్లిపోసాగారు. డ్యూక్ ఆటగాడు క్రిస్టియన్ లెట్నర్ నాలుగేళ్లూ నిలిచాడు. 1992లో కెంటకీపై ఓవర్‌టైమ్‌లో 2.1 సెకన్లు మిగిలి ఉండగా, సహచరుడు గ్రాంట్ హిల్ కోర్టు ఆ చివర నుంచి విసిరిన బంతిని అందుకుని, ఒకసారి నేలకు కొట్టి, వెనక్కి తిరిగి బుట్టలో వేసి 104-103తో గెలిపించాడు. ఆ రోజు అతను వేసిన పది షాట్లూ, పది ఫ్రీత్రోలూ తప్పలేదు. అతన్ని ద్వేషించిన అభిమానులు కూడా ఆ నాలుగేళ్లలో అతన్ని క్షుణ్ణంగా తెలుసుకున్నారు. 2006 నుంచి ఎన్‌బీఏలో చేరడానికి 19 ఏళ్ల వయసు, పాఠశాల తరువాత ఏడాది విరామం తప్పనిసరి కావడంతో, కెవిన్ డ్యురాంట్, ఆంథొనీ డేవిస్ వంటివారు ఒక్క ఏడాది మెరిసి వెళ్లిపోయారు. కళాశాల రికార్డులు అందుకునేంత కాలం అక్కడ ఉండే అవసరమే వారికి లేకపోయింది.

అందుకే 2023లో మారవిచ్‌కు దగ్గరగా వచ్చింది ఎన్‌బీఏ పెద్దగా పట్టించుకోని ఆటగాడు. హేవుడ్ చదివిన డెట్రాయిట్‌లోనే ఆంథ్వాన్ డేవిస్ తండ్రి శిక్షణలో, కోవిడ్ వల్ల అదనంగా దక్కిన ఏడాదితో కలిపి ఐదు సీజన్లు, 144 మ్యాచ్‌లు ఆడాడు. మూడు పాయింట్ల షాట్లు 588 వేశాడు. చివరి మ్యాచ్‌లో 22 పాయింట్లు చేసినా జట్టు ఓడిపోయింది. మరే టోర్నమెంటూ వారిని పిలవలేదు. అతని లెక్క 3,664 దగ్గర ఆగింది. మారవిచ్‌ను అందుకోవడానికి మూడే తక్కువ.

2021 జూలై నుంచి విద్యార్థి ఆటగాళ్లు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది. క్లార్క్ నాలుగేళ్లూ అయోవాలో ఆడుతూనే ప్రకటనల ద్వారా సంపాదించగలిగింది. 139 మ్యాచ్‌ల్లో 3,951 పాయింట్లతో ఆమె కళాశాల జీవితం ముగిసింది. ఆమె చివరి మ్యాచ్, సౌత్ కరోలినాపై ఓడిన ఫైనల్, ఆ ఏటి పురుషుల ఫైనల్ కంటే ఎక్కువ మంది చూసిన ఆట.

అయితే మారవిచ్‌తో పోలిక గురించి ఇంత గట్టిగా వాదించినవారిలో చాలామందికి లినెట్ వుడర్డ్ పేరు అంతవరకు తెలియదు. ఇదే నన్ను ఎక్కువగా బాధించింది. 1977 నుంచి 1981 దాకా కాన్సస్‌కు ఆడిన వుడర్డ్ 3,649 పాయింట్లు సాధించింది, అదీ పురుషులు వాడే పెద్ద బంతితో, మూడు పాయింట్ల గీత లేకుండా. కానీ ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంటును నిర్వహించడం 1982లోనే మొదలుపెట్టింది. అంతకు ముందు మహిళల కళాశాల క్రీడలను నడిపింది ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం. దాని లెక్కలు తమవి కావన్న కారణంతో, క్లార్క్ వుడర్డ్‌ను దాటిన రోజున కూడా ఎన్‌సీఏఏ పుస్తకంలో వుడర్డ్ పాయింట్లకు చోటు లేదు. మారవిచ్ రికార్డు చెరిగిన ఆ ఆదివారం అయోవా సిటీ ప్రేక్షకుల మధ్య వుడర్డ్ కూర్చుని ఉంది.

చిన్న కళాశాలలను కూడా కలిపి లెక్కిస్తే ఇంకొక పేరు వస్తుంది. 1975-79 మధ్య ఎక్కువ భాగం సౌత్ కరోలినాలోని ఫ్రాన్సిస్ మారియన్ కళాశాలకు ఆడిన పెర్ల్ మోర్ మొత్తం 4,061 పాయింట్లు సాధించింది. ఆమెను బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2021లో, అంటే ఆట ముగిసిన నాలుగు దశాబ్దాల తరువాత తీసుకున్నారు. క్లార్క్ చేరుకున్న 3,951 కంటే ఆ సంఖ్య 110 ఎక్కువ.