గాలిబ్‌ది కాని గాలిబ్: కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సాయంత్రం పూట తెలుగువాళ్లకు ఉర్దూ నేర్పుతాను, తీరిక దొరికితే గజళ్లు తెలుగు చేసుకుంటాను. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజే ఫోన్ తీసి, "సార్, ఇది గాలిబ్‌దేనా?" అంటారు. చాలాసార్లు కాదనే చెప్పాల్సి వస్తుంది.

అపోహ: కింద గాలిబ్ పేరుంటే గాలిబ్ రాసిందే.

ముఖాన దుమ్ము పెట్టుకుని జీవితమంతా అద్దం తుడుస్తూ కూర్చున్నానని ఒక షేర్ (రెండు పాదాల ఉర్దూ పద్యం) వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. గాలిబ్ దీవాన్‌లో, అంటే కవితా సంపుటిలో, అది లేదు. ఎవరిదో తెలియని చాటువు కనబడితే మనవాళ్లు శ్రీనాథుడి ఖాతాలో వేసినట్టే ఇదీ. గాలిబ్ ఉర్దూ దీవాన్ 1841లోనే అచ్చయింది. తర్వాతి ముద్రణలు కలుపుకున్నా అందులో ఉన్నవి సుమారు 1,800 షేర్లు. ఒక వారం కూర్చుంటే చదివేయొచ్చు. ఆ మాత్రం చూడకుండా ఒక సంపాదకుడు ఈ అద్దం షేర్‌ను నా అనువాదాల మధ్య ఇరికించి అచ్చేశాడు. ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటూ నాకు ఫోన్లు వస్తుంటాయి!

అపోహ: మత్తులో అలవోకగా చెప్పేసేవాడు.

తాగుడు నిజమే, దాచుకోలేదు కూడా. (జైలుకెళ్లింది మాత్రం తాగినందుకు కాదు, 1847లో జూదం కేసులో.) అలవోక అన్నదే అబద్ధం. శిష్యుడు హాలీ రాసినదాని ప్రకారం, రాత్రిపూట కాస్త హుషారులో ఉన్నప్పుడు షేర్ కుదిరితే నడికట్టుకు ఒక ముడి వేసేవాడు. అలా ఎనిమిదో పదో ముళ్లు పడ్డాక పడుకుని, తెల్లారాక ఒక్కో ముడే విప్పుతూ గుర్తు చేసుకుని రాసుకునేవాడు. చిన్నతనంలో రాసినవాటిలో చాలా భాగం దీవాన్ కూర్చేటప్పుడు తనే తీసేశాడు. 1821 నాటి రాతప్రతి ఒకటి భోపాల్‌లో దొరికి అచ్చయ్యాకే ఎంత కొట్టేశాడో లోకానికి తెలిసింది.

అపోహ: మాటలన్నీ తెలిసినవే, తెలుగు చేయడం ఎంతసేపు?

"హజారోఁ ఖ్వాహిషేఁ ఐసీ కె హర్ ఖ్వాహిష్ పె దమ్ నిక్‌లే
బహుత్ నిక్‌లే మెరే అర్మాన్ లేకిన్ ఫిర్ భీ కమ్ నిక్‌లే"

వేల కోరికలు, ఒక్కో కోరికకూ ప్రాణం పోయేటట్టివి అని మొదటి పాదం. దమ్, కమ్ ప్రాస. 'నిక్‌లే' రదీఫ్, అంటే ప్రాస వెనక మారకుండా తిరిగొచ్చే మాట. మా క్లాసులో ప్రతి బ్యాచూ రెండో పాదాన్ని "నా కోరికలు చాలా బయటికొచ్చాయి" అనే రాస్తుంది. నికలడమంటే బయటికి రావడమే, కానీ దమ్ నికలడం ప్రాణం పోవడం, అర్మాన్ నికలడం ముచ్చట తీరడం, కమ్ నికలడం తక్కువని తేలడం. అదే గజల్‌లో ఇంకో షేర్‌కొస్తే, స్వర్గం నుంచి ఆదామును గెంటేశారని వింటూ వచ్చాం గానీ, నీ వీధి నుంచి మేం అంతకన్నా పరువు పోగొట్టుకుని 'నిక్‌లే' అంటాడు. ఒకే క్రియతో నాలుగు పనులు చేయించాడు. తెలుగులో అంత మోసే క్రియ నాకు దొరకలేదు. "తీరినవి బోలెడు, తీరా చూస్తే కొన్నే" దాకా వచ్చి ఆగాను. మొదటి పాదం ఇంకా బాకీ. దాశరథి 'గాలిబ్ గీతాలు' తెచ్చినప్పుడు పడ్డ పాట్లు ఇప్పుడు తెలుస్తున్నాయి.

గజల్ అంతా ఒకే కథ అనుకోవడం కూడా పొరపాటే. వేమన పద్యాల్లా మామూలుగా ఏ షేర్ కాళ్ల మీద ఆ షేర్ నిలబడుతుంది.

అపోహ: గాలిబ్ అంటే ఉర్దూయే.

ఆయన్నడిగితే ఒప్పుకోడు. రంగులు చూడాలంటే నా పారసీ చూడు, ఉర్దూ సంపుటిని పక్కన పెట్టు, అది వెలవెలబోయినదని పారసీలో తనే రాసుకున్నాడు. పారసీలో చెప్పింది ఉర్దూకు ఎన్నో రెట్లు. అయినా జనం నోట నిలిచింది ఆయన పక్కన పెట్టమన్నదే.

అపోహ: ఎప్పుడూ ఏడుస్తూ బతికాడు.

కష్టాలకు కొదవ లేదు. పుట్టిన ఏడుగురు పిల్లలూ పసితనంలోనే పోయారు. పింఛను కోసం కలకత్తా దాకా వెళ్లొచ్చాడు, 1857 తిరుగుబాటు తర్వాత ఆ పింఛనూ దాదాపు మూడేళ్లు ఆగింది. కానీ ఉత్తరాలు చదవండి, వాటిలో మనిషి వేరు. ఉత్తరాన్ని ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాటగా మార్చేశానని గొప్పగా చెప్పుకున్నాడు. వాటిలో చాలా వాటిని అందుకున్నది శిష్యుడు మున్షీ హర్‌గోపాల్. అతని కలంపేరు తఫ్తా, గాలిబ్ ముద్దుగా 'మీర్జా తఫ్తా' అనేవాడు. మా క్లాసులో లిపి పట్టుబడ్డాక నేను ముందు చదివించేది గజల్ కాదు, తఫ్తాకు రాసిన ఉత్తరాలే.