కుక్క తోక, ఢిల్లీ పెద్దాయన: కార్టూన్ గొడవల మీద అపోహలు, వాస్తవాలు

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే ఆంధ్రా పాతపట్నం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ. ఇరవై ఏళ్లుగా కార్టూన్లు గీస్తున్నాను. సరిహద్దుకి అటూ ఇటూ తిరిగే ఓ చిన్న తెలుగు పత్రికకి వారానికి మూడు పొలిటికల్ కార్టూన్లు, మిగతా రోజుల్లో సైన్‌బోర్డులు, పెళ్లి కార్డులు. నిజం చెప్పాలంటే ఇంట్లోకి బియ్యం వచ్చేది బోర్డుల డబ్బుతోనే. పోయిన ఎన్నికలప్పుడు ఢిల్లీ పెద్దాయన ఒకరి మీద నేను వేసిన బొమ్మ నాలుగు రోజులు ఊరిని ఊపేసింది. ఏ పెద్దాయన, ఏ పార్టీ అని అడక్కండి. ఆ పేరు చెబితే ఈ పోస్టంతా పోయి ఆ పేరొక్కటే మిగుల్తుంది. ఆ రోజుల్లో టీకొట్టు దగ్గర, ఫోన్లో, పోలీస్ స్టేషన్ బెంచీ మీద నేను విన్న మాటలు కొన్ని ఇప్పటికీ వింటూనే ఉన్నాను కాబట్టి ఒక్కోదాని గురించి రాద్దామనిపించింది.

అపోహ: బొమ్మకి భాష అక్కర్లేదు, ఎవరు చూసినా ఒకే అర్థం.

ఇది నేనూ నమ్మినవాణ్ణే. కార్టూన్ ఇదీ: పెద్దాయన నడుంలోతు నీళ్లలో, కళ్లు మూసుకుని, ఒక కుక్క తోక పట్టుకుని ఉంటాడు. కుక్క మెడకి బెల్టు. కింద క్యాప్షన్, 'గోదారి ఇంకెంతుంది?' కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమన్న సామెత తెలిసినవాడికి రెండు సెకన్లు చాలు, ఆయన నమ్ముకున్న పొత్తు ఆయన్ని ఒడ్డుకి చేర్చేది కాదని. కుక్క ఇక్కడ తిట్టు కాదు, పడవ. పొద్దున్న పేపర్ వచ్చింది, తొమ్మిదింటి దాకా ఏ గొడవా లేదు, ఇద్దరు మాస్టార్లు ఫోన్ చేసి గీత బాగుందన్నారు కూడా. పదింటికి ఎవరో మహానుభావుడు క్యాప్షన్ కత్తిరించేసి బొమ్మ మాత్రం వాట్సాప్‌లో వదిలాడు, అది ఒడియా గ్రూపుల్లోకి పోయింది. సామెత ఊడిపోయాక మిగిలిందేమిటి? దేశనాయకుడు, కుక్క వెనకభాగం.

మధ్యాహ్నం ముగ్గురు కుర్రాళ్లు షాపుకొచ్చారు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు, ఒకటే ప్రశ్న. "కుకురొ కాహింకి, ఆజ్ఞా?" కుక్క ఎందుకండీ అని. నాకొచ్చిన ఒడియాలో గోదారి గురించి, వరద గురించి, తోక గురించి అరగంట చెప్పాను. సామెతని విప్పి చెప్పడమంత నీరసమైన పని ఇంకోటి ఉండదు, అదీ సంకలో బోర్డు గుడ్డ, చేతిలో పెయింట్ డబ్బా పెట్టుకుని. వాళ్లు మర్యాదగానే విన్నారు, తలలూపారు, చివరికి మళ్లీ అదే, సరే కానీ కుక్కే ఎందుకు అని. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, వాడుక భాష కోసం ఆయన పోరాటం మొదలెట్టింది ఇక్కడే. నా క్యాప్షన్లన్నీ వాడుకలోనే రాస్తానని లోపల్లోపల ఒక గర్వం ఉండేది. కానీ 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పటి నుంచి ఇక్కడ వాడుక అంటే ఒక్క భాష కాదు, ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో వింత. ప్రింటులో ఆ బొమ్మ నలుపు తెలుపే. పేజీ పెట్టే కుర్రాడు ఇంటర్నెట్ ఎడిషన్ కోసం రంగులేస్తూ కుక్క బెల్టు ఖాళీగా ఉందని దానికీ ఓ రంగు కొట్టాడు. వాడికది రంగు, ఊరికది జెండా.

నా తప్పూ ఉంది. పెన్సిల్ రఫ్‌లో పిడికిలీ తోకా బొమ్మకి సరిగ్గా మధ్యలో ఉన్నాయి. ఇంకు వేసేటప్పుడు కుక్క బొచ్చు మీద మోజు పుట్టి సన్నటి బ్రష్‌తో ఒక్కో వెంట్రుకా తీశాను, కళ్లలో మెరుపు పెట్టాను. దాంతో చూసేవాడి చూపు ముందు కుక్క మొహం మీద పడి అక్కడే ఆగిపోయింది. పిడికిలి దగ్గరికొచ్చే సరికి కోపం వచ్చేసింది. మా పక్కింటి తాతగారు, తెలుగాయనే, పేపర్లో క్యాప్షన్‌తో సహా చూసినాయనే, సాయంత్రం అరుగు మీదికి పిలిచి "సామెత నాకు తెల్దేటి బాబూ, అయినా పెద్దాయన్ని అలగ గీసీసినావేటి?" అన్నారు. ఆయన అర్థం కాక బాధపడలేదు, అర్థమయ్యే బాధపడ్డారు. ఇలాంటివాళ్లని కూడా అర్థంకానివాళ్ల లెక్కలో వేసేసి 'జనానికి హాస్యం తెలీదు' అనడం మా కార్టూనిస్టులకున్న అపోహ.

బొమ్మకి ఊరే కాదు, తారీఖు కూడా ఉంటుంది. రాజ్యాంగం పని నెమ్మదిగా సాగుతోందని కార్టూనిస్టు శంకర్ 1949లో ఒక కార్టూన్ వేశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ, చుట్టూ జనం. అప్పుడది ఆ వారం వార్త మీద ఒక విసురు. 2006లో అదే బొమ్మని ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో పెట్టారు. అది అంబేద్కర్‌కి అవమానమని 2012 మే నెలలో పార్లమెంటు దద్దరిల్లింది, పుస్తకం సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు, పుణెలో పల్షీకర్ ఆఫీసు మీద దాడి జరిగింది. ఆఫీసు పగలగొట్టడం ఏ వాదనా కాదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ శంకర్ ఉద్దేశం ఎంత మంచిదని వాదించినా, క్లాసులో కూర్చున్న దళిత పిల్లవాడికి ముందు కనబడేది అంబేద్కర్ వెనక ఎత్తిన కొరడాయే. నత్త తర్వాత కనబడుతుంది. ఇంతకుముందు ఈ మాట ఒప్పుకునేవాణ్ణి కాదు. నా కుక్క నాకు నేర్పింది.

అపోహ: దేశనాయకుణ్ణి వెక్కిరిస్తే దేశద్రోహం.

స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్కనున్న ఓ పెద్దమనిషి నాకు ఇచ్చిన ధైర్యం ఇది. జాతీయ గౌరవానికి అవమానం జరక్కుండా 1971లో చేసిన చట్టం కాపాడేది జెండాని, రాజ్యాంగాన్ని, జాతీయగీతాన్ని. అందులో నాయకులు లేరు. పాత రాజద్రోహం సెక్షన్ 124ఏ సంగతికొస్తే, హింసకి ఉసిగొల్పితేనే అది వర్తిస్తుందని 1962లోనే కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 మేలో దాన్ని పక్కన పెట్టమంది. 2024 జులై 1 నుంచి కొత్త నేరాల చట్టం, భారతీయ న్యాయ సంహిత, వచ్చాక ఆ సెక్షనూ లేదు, దాని స్థానంలో దేశ సమగ్రతకి ముప్పు తెచ్చే పనుల మీద 152 ఉంది, అందులో మాటలు ఇంకాస్త విశాలంగా ఉన్నాయి కాబట్టి పూర్తిగా గుండెల మీద చెయ్యేసుకుని పడుకోనక్కర్లేదు. పరువునష్టానికి 356, వర్గాల మధ్య ద్వేషం రేపితే 196, మతభావాల్ని కావాలని గాయపరిస్తే 299. మా మీద నిజంగా వచ్చిపడే అవకాశమున్నవి ఇవి. అరెస్టు, శిక్ష రెండూ ఒకటి కాదు, కానీ అరెస్టు అయినవాడికి ఆ తేడా వినడానికి బాగుంటుందంతే.

కేసు లేకుండా కూడా నడుస్తుంది. 2025 ఫిబ్రవరిలో తమిళ పత్రిక వికటన్ తన ఆన్‌లైన్ సంచికలో ట్రంప్ పక్కన మన ప్రధాని సంకెళ్లతో కూర్చున్నట్టు ఒక కార్టూన్ వేసింది, కొద్ది రోజులకే మొత్తం వెబ్‌సైటే తెరుచుకోవడం మానేసింది. మార్చిలో మద్రాస్ హైకోర్టు, ప్రస్తుతానికి ఆ కార్టూన్ తీసేయండి, సైటు మీద నిషేధం ఎత్తేయండి అని రెండు వైపులకీ చెప్పింది. ఒక్క బొమ్మ కోసం వందేళ్ల దగ్గరికొచ్చిన పత్రిక సైటు మూసేయడమేంటో నాకు మింగుడుపడలేదు.

అపోహ: నవ్వు రాకపోతే అది కార్టూన్ కాదు, ఉత్త తిట్టు.

2011లో అన్నా హజారే ఉద్యమం రోజుల్లో అసీమ్ త్రివేది పార్లమెంటు మీద, జాతీయ చిహ్నం మీద వేసిన బొమ్మలకి 2012 సెప్టెంబర్‌లో ముంబైలో రాజద్రోహం కింద అరెస్టయ్యాడు. నాకు ఆ బొమ్మలు నచ్చలేదు, చమత్కారం లేదు, కోపం ఒక్కటే ఉంది. తమాషా ఏమిటంటే 2015లో బొంబాయి హైకోర్టు కూడా ఇంచుమించు ఇదే అంది, వీటిలో హాస్యం లేదు, వ్యంగ్యం లేదు, అవినీతి మీద కోపం, ఏవగింపు మాత్రమే ఉన్నాయి, అయినా హింసకి పురిగొల్పనప్పుడు అంతమాత్రాన భావప్రకటన స్వేచ్ఛని అడ్డుకోకూడదు అని. మా వృత్తికి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ నేను చూడలేదు. చెత్త కార్టూన్ వేసే హక్కు కూడా మాకుంది, నేను దాన్ని వారానికోసారి వాడుకుంటాను.

అపోహ: పాతకాలం నాయకులకి పెద్దమనసు, ఇప్పటివాళ్లకే ముక్కు మీద కోపం.

సగం నిజం. శంకర్ సొంత కార్టూన్ పత్రిక శంకర్స్ వీక్లీ 1948లో మొదలైతే నెహ్రూయే వచ్చి ఆవిష్కరించారు, నన్నూ వదలొద్దు శంకర్ అన్నారని చెప్పుకుంటారు. శంకర్ వదల్లేదు కూడా. అదే పత్రిక 1975 ఆగస్టులో మూతపడింది, ఎమర్జెన్సీ వచ్చిన రెండు నెలలకి. అదే ఏడు డిసెంబర్‌లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం, రాష్ట్రపతి స్నానాల తొట్టిలోంచే ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి బయటికి చాచినట్టు వేశాడు. అది సెన్సార్ కళ్లెలా దాటిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. 1987లో ఆనంద వికటన్ అట్ట మీద ఎమ్మెల్యేల మీద, మంత్రుల మీద వేసిన ఒక జోకుకి తమిళనాడు అసెంబ్లీ ఆ పత్రిక సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కి మూడు నెలల జైలు వేసింది, గోల రేగడంతో కొద్ది రోజుల్లోనే వదిలేసింది. ఇంకా వెనక్కెళ్తే ఫ్రాన్స్‌లో దోమియే అనే కార్టూనిస్టు, రాజు లూయీ ఫిలిప్‌ని తిండిబోతు రాక్షసుడిగా గీసి 1832లో ఆరు నెలలు లోపల కూర్చున్నాడు. పెద్దమనసు కాలాన్ని బట్టి రాదు, మనిషిని బట్టి, ఆ పూట మూడ్‌ని బట్టి వస్తుంది.

అపోహ: గీసినవాడికే రిస్కు, ఫార్వర్డ్ చేసినవాడికేం కాదు.

జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర బొమ్మ గీయలేదు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మీద ఒక కార్టూన్‌ని 2012 ఏప్రిల్‌లో ఈమెయిల్‌లో పంపాడంతే. అరెస్టు చేశారు. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలు పంపితే కేసు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని, ఆయన మీద పెట్టినవాటిలో అదీ ఉంది, 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసినా ఆయన కేసు మాత్రం 2023 జనవరి దాకా సాగింది. అందుకే, నా కుక్కని కత్తిరించి పంపిన ఆ మహానుభావుడు ఎవరో తెలిసినా నేను స్టేషన్లో చెప్పలేదు.

అపోహ: ఫేమస్ అవ్వాలనే వివాదాలు లేపుతారు.

ఆ కార్టూన్‌కి నాకు ముట్టింది నాలుగు వందల రూపాయలు. ఆ వారం రెండు సైన్‌బోర్డు ఆర్డర్లు పోయాయి. లెక్క మీరే వేసుకోండి.

అపోహ: సారీ చెబితే అయిపోతుంది.

అది ఎవరు చెబుతారు, దేనికి చెబుతారు అన్నదాన్ని బట్టి. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ ఎడిషన్‌లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహుని కుక్కగా, గుడ్డివాడిగా ఉన్న ట్రంప్‌ని నడిపిస్తున్నట్టు ఒక కార్టూన్ వచ్చింది. అక్కడా కుక్కే చూడండి, దాని మెడలో యూదుల నక్షత్రం. తప్పు ఒప్పుకుని పత్రిక క్షమాపణ చెప్పింది, నా మటుకు నాకది సబబే, ఎందుకంటే ఆ నక్షత్రం ఒక మనిషిది కాదు, ఒక జాతిది. అక్కడితో ఆగలేదు, జులై నుంచి ఆ ఎడిషన్‌లో రోజువారీ పొలిటికల్ కార్టూన్లే మానేశారు. ఆ బొమ్మ వేసినాయన పోర్చుగల్ మనిషి, ఏజెన్సీ ద్వారా వచ్చింది. పని పోయింది మాత్రం ఆ పత్రికకి ఎప్పట్నుంచో గీస్తున్న స్విట్జర్లాండ్ కార్టూనిస్టు చపాట్‌లాంటి వాళ్లకి.

మా పత్రిక సంగతి చిన్నది. క్షమాపణ రాయనన్నాను, దానికి బదులు మర్నాడు అదే బొమ్మని మళ్లీ వేసి పక్కన సామెతని తెలుగులోనూ ఒడియా లిపిలోనూ ఒక్కో వాక్యంలో పెట్టమన్నాను. సంపాదకుడు రెండు సిగరెట్లు కాల్చి సరేనన్నాడు, కుక్క బెల్టుకి మాత్రం రంగు వద్దన్నాడు. ఆ ముగ్గురిలో ఒకడు అది చదివి ఫోన్ చేసి, ఇప్పుడర్థమైంది ఆజ్ఞా, అయినా కుక్క బాలేదు అన్నాడు. తాతగారు నెల్లాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత నేను కుక్కల్ని చిన్నగా గీస్తున్నాను.

చివరిది అపోహ కూడా కాదు, రోజూ జరిగే పనే. బజార్లో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, ఫలానా పెద్దాయన్ని ఇలా గీయి, ఇలా గీస్తే అదిరిపోద్ది అని ఐడియా చెబుతారు. కొన్ని నిజంగానే బాగుంటాయి, రెండు మూడు వాడాను కూడా. ప్రతివాళ్లూ వెళ్తూ వెళ్తూ ఒక మాట అంటారు, "నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకు బాబూ."