రిపోర్ట్ చేతికొచ్చాక మనసుకు తగిలే దెబ్బ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో క్యాన్సర్ రోగులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు కౌన్సెలింగ్ చేయడం నా పని. జిల్లాల నుంచి రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఎం.ఎన్.జె.కి వచ్చేవాళ్లయినా, కార్పొరేట్ ఆస్పత్రిలో చూపించుకునేవాళ్లయినా దాదాపు ఇవే మాటలు అంటుంటారు.

అపోహ: యాక్సిడెంట్ అయితే ట్రామా (మనసుకు తగిలే గాయం) అనుకోవచ్చు. రిపోర్ట్ చదివితే ట్రామా ఏంటి?

వాస్తవం: ప్రాణాంతక జబ్బు ఉందని తెలియడాన్ని 1994లో వచ్చిన డీఎస్ఎం-4 (మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం నాలుగో కూర్పు) ట్రామాకు కారణంగా ఒప్పుకుంది. 2013 నాటి డీఎస్ఎం-5 షరతు బిగించింది: జబ్బు ఒక్కటే చాలదు, ఆపరేషన్ మధ్యలో మెలకువ రావడం లాంటి హఠాత్తు ఘటన ఉండాలంది. అందుకే చాలామందికి పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత వచ్చే మానసిక జబ్బు) అని రాయం, అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ (వచ్చిన కష్టానికి మనసు సర్దుకోలేకపోవడం) అనో యాంగ్జైటీ అనో రాస్తాం. పేరు మార్చినంత మాత్రాన పేషెంట్‌కు నిద్ర పట్టదు కదా!

యాక్సిడెంట్ అయినవాళ్లను జరిగిపోయింది వెంటాడుతుంది. వీళ్లను ఎక్కువగా జరగబోయేది భయపెడుతుంది. పైగా ఆ ప్రమాదం సొంత ఒంట్లోనే ఉంది, పారిపోవడానికి చోటు లేదు. మామూలు నడుం నొప్పి వచ్చినా 'పాకిందేమో' అనే అనుమానమే.

అపోహ: ట్రీట్‌మెంట్ అయిపోయింది, ఇంకా టెన్షన్ దేనికి?

వాస్తవం: కొందరు కుదేలయ్యేది అప్పుడే. కీమో జరిగినన్నాళ్లూ తేదీలు, రక్తపరీక్షలు, ఆరోగ్యశ్రీ కాగితాలతో ఊపిరాడదు. "మూడు నెలల తర్వాత రండి" అని డాక్టర్ అన్నాక ఆలోచనలు మొదలవుతాయి. స్కాన్ తేదీ దగ్గరపడితే నిద్ర ఉండదు, ఆస్పత్రి వాసనకే వాంతి వస్తుంది. కొందరు చెకప్‌కే రారు. ఇంట్లోవాళ్లు దాన్ని నిర్లక్ష్యం అనుకుని తిడతారు. నిజానికి అది భయం, అదీ ప్రాణం మీదికి తెచ్చే రకం.

అపోహ: అమ్మకు చెప్తే తట్టుకోలేదు, దాచాలి.

వాస్తవం: మీరు "చిన్న గడ్డే" అంటారు. పక్క బెడ్ ఆవిడ అసలు పేరు చెప్పేస్తుంది. ఆ తర్వాత అమ్మ మీ కోసం, మీరు అమ్మ కోసం నటిస్తారు. "ఎంతవరకు తెలుసుకోవాలని ఉందమ్మా?" అని అడగండి. "నాకొద్దు, డాక్టర్ మా అబ్బాయితోనే మాట్లాడనీ" అంటే అదీ జవాబే.

అపోహ: ధైర్యంగా ఉంటేనే జబ్బు తగ్గుతుంది.

వాస్తవం: ఏడిస్తే కణితి పెరగదు. ఏడవనివ్వండి.

అపోహ: నిద్రమాత్ర వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లే నిద్ర చెడగొట్టవచ్చు, ముందు ఆ సంగతి మీ ఆంకాలజిస్ట్‌ను అడగండి. ట్రామాను నిద్రమాత్ర నయం చేయదు. దానికి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునేలా చేసే కౌన్సెలింగ్), ఈఎండీఆర్ (కళ్లు అటూఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల పట్టు తగ్గించే పద్ధతి) లాంటి థెరపీలున్నాయి. అవసరమైతే సైకియాట్రిస్ట్ మందులిస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడుతుంటే ఆ సంగతి ఆయనకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు దాని పనితనాన్ని తగ్గించవచ్చు. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే ఇక ఆగొద్దు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.