ఫోన్ ఉండగా పాటలకు వేరే పెట్టె ఎందుకు?

2016 సెప్టెంబర్ మొదట్లో, బెర్లిన్‌లో ఏటా జరిగే ఐఎఫ్‌ఏ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సందర్భంగా సోనీ కంపెనీ ఒక కొత్త వాక్‌మన్‌ను బయటపెట్టింది. పేరు ఎన్‌డబ్ల్యూ-డబ్ల్యూఎం1జెడ్. ఒళ్లంతా రాగి, దాని మీద బంగారు పూత, బరువు 455 గ్రాములు. అమెరికాలో ధర 3,200 డాలర్లు. అప్పటి లెక్కలో రెండు లక్షల రూపాయల పైమాటే. ఫోన్ చేయదు, ఫొటో తీయదు. పాటలు వినిపిస్తుంది, అంతే. వారం తిరక్కుండా, సెప్టెంబర్ 7న, ఆపిల్ ఐఫోన్ 7ను ప్రకటించింది. బరువు 138 గ్రాములు. అందులో హెడ్‌ఫోన్ పెట్టుకునే జాకే లేదు.

రెండు లక్షలు పెట్టి పాటల పెట్టె కొనేవాళ్లు ఉన్నారంటే చాలామంది డబ్బు ఎక్కువైనవాళ్ల సరదా అని కొట్టిపారేస్తారు. నేను అలా కొట్టిపారేయలేను. ఈ రకం ప్లేయర్, అభిమానులు ముద్దుగా డ్యాప్ (డిజిటల్ ఆడియో ప్లేయర్) అని పిలిచేది, ఒక నిజమైన కొరత నుంచి పుట్టింది. కాకపోతే ఆ కొరత తీరుతున్నకొద్దీ దీని ధర తగ్గాల్సింది పోయి పెరుగుతూ వచ్చింది. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఎంపీ3 దగ్గర మొదలుపెట్టాలి.

1982లో సీడీ వచ్చినప్పుడు దాని లెక్క తేలిగ్గా ఉండేది. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలవాలి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాయాలి. రెండు చానళ్లకూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాట 40 ఎంబీ దాటుతుంది. అప్పటి కంప్యూటర్లకు అది మోయలేని బరువు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు, వాళ్లలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఈ బరువు దించే దారి వెతికారు. పెళ్లి పందిట్లో గట్టిమేళం మోగుతుంటే పక్కవాళ్ల గుసగుస మనకు వినబడదు. చెవి ఎలాగూ పట్టించుకోని గుసగుసల్ని ఫైల్‌లో దాచడం దేనికి? వాటిని వదిలేస్తే సరిపోతుంది. ఎంపీ3 కిటుకు స్థూలంగా ఇదే. ఆ ఫైళ్లకు .ఎంపీ3 అనే తోక ఖాయమైంది 1995 జూలై 14న.

సెకనుకు 128 కిలోబిట్ల (కేబీపీఎస్) దగ్గర అదే పాట 4 ఎంబీలోపు వచ్చేస్తుంది. సీడీలో పదకొండో వంతు. ఆ రోజుల్లో ఇది నిజంగా అద్భుతం. కానీ పదిపాళ్లు వదిలేసి ఒక పాలు ఉంచుకున్నప్పుడు, పోయినవన్నీ గుసగుసలే కావు. తంబురా తీగ మీటాక సన్నగా సాగే జీర, తాళాలు కొట్టాక గాలిలో నిలిచే మోత, పాడేవాళ్ల చుట్టూ ఉన్న గది తాలూకు ప్రతిధ్వని, ఇవి ముందుగా చెదురుతాయి. తొలినాళ్ల ఎన్‌కోడర్లతో, అంటే పాటను కుదించే సాఫ్ట్‌వేర్లతో, మరీను.

తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2000 తర్వాత కొన్నేళ్లు మన బజార్లలో దొరికిన ఎంపీ3 సీడీల్ని గుర్తు చేసుకోండి. ఒక్క డిస్కులో నూటయాభై పాటలు. 700 ఎంబీని నాలుగున్నరతో భాగిస్తే సుమారుగా వచ్చే లెక్క అది. తర్వాత డౌన్‌లోడ్ల కాలంలో ప్రతి సినిమా పేరు కింద 128, 320 అని రెండు లింకులు ఉండేవి. డేటా మిగులుతుందని 128 నొక్కినవాళ్లే ఎక్కువ. మన ఇళ్లలో హార్డ్‌డిస్కుల్లో పదిలంగా దాచుకున్న పాటల్లో పెద్ద భాగం ఇప్పటికీ ఆ ఫైళ్లే. వాటిని రెండు లక్షల ప్లేయర్‌లో వేసినా పోయిన జీర తిరిగి రాదు. ఖరీదైన ప్లేయర్ కొనాలనుకునే ప్రతి ఒక్కరూ ముందు చూసుకోవాల్సింది తమ దగ్గరున్న ఫైళ్లను.

మొదటి జేబు ఎంపీ3 ప్లేయర్లు 1998లో వచ్చాయి. కొరియా నుంచి సేహాన్ వారి ఎంపీమ్యాన్, అమెరికాలో డైమండ్ వారి రియో. రెండింటిలోనూ 32 ఎంబీ మెమరీ, అంటే 128లో అరగంట పాటలు. రియోను ఆపాలని అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. 1999లో అప్పీలు కోర్టు డైమండ్ వైపే తీర్పు చెప్పింది. ఆ దారిలోనే 2001 అక్టోబర్‌లో ఐపాడ్ వచ్చింది: 5 జీబీ డిస్కు, వెయ్యి పాటలు, 399 డాలర్లు. అవే వెయ్యి పాటల్ని ఏమీ వదలకుండా దాచాలంటే ఐదు రెట్లు చోటు కావాలి. చోటు లేదు కాబట్టి లోకమంతా ఎంపీ3తో సర్దుకుంది.

అందరూ సర్దుకోలేదు. ఐపాడ్ రావడానికి మూడు నెలల ముందు, 2001 జూలైలో, జోష్ కోల్సన్ అనే ప్రోగ్రామర్ ఫ్లాక్ అనే ఫార్మాట్ మొదటి పూర్తి వెర్షన్‌ను ఉచితంగా విడుదల చేశాడు. ఇది జిప్ ఫైల్ లాంటిది. మడత పెడుతుంది, కానీ విప్పితే ఒక్క బిట్ తేడా లేకుండా సీడీలో ఉన్నదే తిరిగొస్తుంది. పరిమాణం సీడీలో సగం, కొంచెం అటూఇటూ. అదే ఏడాది చివర్లో స్వీడన్ ప్రోగ్రామర్లు కొందరు రాక్‌బాక్స్ మొదలుపెట్టారు. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను తీసేసి ప్లేయర్‌లో తమది ఎక్కించే పని అది. ఐపాడ్‌లోకి ఫ్లాక్‌ను ఆపిల్ రానివ్వలేదు, రాక్‌బాక్స్ తెచ్చింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం దీని తర్వాతిది. ఐపాడ్ సొంత హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పెద్ద హెడ్‌ఫోన్లకు చాలదు. ఉదాహరణకు 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 300 ఓమ్‌లు. దానికి వోల్టేజీ గట్టిగా కావాలి. అందుకని అభిమానులు ఐపాడ్ అడుగున ఉండే డాక్ కనెక్టర్ నుంచి చిన్న కేబుల్‌తో సిగ్నల్ బయటికి తీసి, అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన ఆంప్లిఫయర్‌కు కలిపి, రెండింటినీ రబ్బరు బ్యాండ్లతో కట్టి జేబులో వేసుకునేవారు. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. కానీ ఏం కావాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు: వదిలేయని ఫైల్, శుభ్రంగా మార్చే చిప్, హెడ్‌ఫోన్‌ను నడపగల బలం. అంకెల్ని కరెంటు అలలుగా మార్చే ఆ చిప్‌నే డ్యాక్ అంటారు. ఈ మూడూ ఒకే డబ్బాలో పెడితే డ్యాప్ అవుతుంది. అంటే కంపెనీల కంటే ముందు ఈ వస్తువును తయారుచేసుకున్నది వినేవాళ్లే.

2010 ప్రాంతంలో ఫాంగ్ బియాన్ నడిపే హైఫైమ్యాన్ సంస్థ హెచ్ఎం-801ను అమ్మకానికి పెట్టింది. ఇటుక లాంటి ప్లేయర్. ఇళ్లలో వాడే ఖరీదైన పరికరాల్లో ఉండే పీసీఎం1704 డ్యాక్ చిప్‌ను తెచ్చి అందులో పెట్టారు. ఆంప్లిఫయర్ ముక్కను విప్పి మార్చుకునే వీలు కూడా ఇచ్చారు. అసలు మలుపు మాత్రం 2012లో, కొరియా కంపెనీ ఐరివర్ దగ్గర వచ్చింది. ఎంపీ3 ప్లేయర్లతో బాగా బతికిన ఆ కంపెనీ గిరాకీని స్మార్ట్‌ఫోన్లు మింగేశాయి. లక్షల మందికి చౌకగా అమ్మే దారి మూసుకుపోయాక, కొద్దిమందికి ఖరీదుగా అమ్మే దారి పట్టింది. ఆస్టెల్ అండ్ కెర్న్ అనే కొత్త పేరుతో ఏకే100ను 699 డాలర్లకు తెచ్చింది. అల్యూమినియం డబ్బా, పక్కన తిప్పే వాల్యూమ్ నాబ్, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లను, అంటే సెకనుకు 1,92,000 సార్లు కొలిచి ఒక్కో కొలతను 24 బిట్లలో రాసినవాటిని, వాయించే శక్తి.

ఏకే100లో ఒక పెద్ద లోపం ఉంది. దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 22 ఓమ్‌లు. మోటారు వేయగానే ఇంట్లో బల్బులు మసకబారడం మనకు తెలుసు. కరెంటు వచ్చే దారిలో అడ్డు ఎక్కువుంటే, బరువు మారినప్పుడల్లా వెలుతురు మారుతుంది. ఇక్కడా అదే. చెవిలో దూర్చే ఖరీదైన ఐఈఎంలలో నాలుగైదు చిన్న స్పీకర్లుంటాయి. స్వర స్థాయిని బట్టి వాటి ఇంపీడెన్స్ మారిపోతుంది, మంద్రంలో ఒకటి, తారంలో ఒకటి. దారిలో 22 ఓమ్‌ల అడ్డు ఉంటే ఒకచోట ధ్వని తగ్గి ఇంకోచోట లేస్తుంది. అంటే తయారీదారు అనుకున్న ధ్వని రంగు మారిపోతుంది. తర్వాత వచ్చిన ఏకే100 మార్క్ 2లో దీన్ని 3 ఓమ్‌లకు దించారు. డ్యాక్ చిప్ పేరు, బిట్ల అంకె పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటాయి. చెవికి నిజంగా తెలిసే ఈ ఓమ్‌ల అంకె ఎక్కడో చివర ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఈ రంగం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

తర్వాత ధరలు రెండు దారుల్లో నడిచాయి. 2013లో చైనాలోని గ్వాంగ్‌ఝౌకు చెందిన ఫియో కంపెనీ ఎక్స్3 ప్లేయర్‌ను దాదాపు 200 డాలర్లకే ఇచ్చింది. పని జరిగిపోయేంత మంచి డ్యాప్ ఆ ధరలో సాధ్యమేనని అప్పుడే తేలింది. మరోవైపు ఆస్టెల్ అండ్ కెర్న్ 2014లో ఏకే240ను 2,499 డాలర్లకు, 2015లో ఏకే380ని 3,499 డాలర్లకు అమ్మింది. సోనీ రాగి వాక్‌మన్‌కు కూడా 1,200 డాలర్ల అల్యూమినియం తోబుట్టువు ఉంది. ప్రధానమైన ఆంప్లిఫయర్ చిప్ రెండింటిలోనూ ఒకటే. తేడా ఎక్కువగా ఒంటిలో, లోపలి తీగల్లో, కొన్ని భాగాల్లో, మెమరీలో.

మధ్యలో గాయకుడు నీల్ యంగ్ వచ్చాడు. ఎంపీ3 సంగీతాన్ని నాశనం చేసిందన్న బాధ అతనిది. ఆ బాధ నిజమైనదేనని నా నమ్మకం. 2014లో పోనో అనే త్రికోణపు ప్లేయర్ కోసం జనాన్ని డబ్బు అడిగితే 18 వేల మందికి పైగా కలిసి 62 లక్షల డాలర్లు ఇచ్చారు. ధర 399 డాలర్లే. లోపలి సర్క్యూట్‌ను ఏయర్ అనే పేరున్న ఆడియో సంస్థ రూపొందించింది. వస్తువు బాగుంది. కానీ దాంట్లో వేసే ఆల్బమ్‌లను విడిగా, సీడీ కంటే ఎక్కువ ధర పెట్టి కొనాలి. 2016లో స్టోర్ ఆగింది, 2017లో పోనో ముగిసింది.

ఇంతకీ 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఎవరికైనా వినబడుతుందా? సెకనుకు ఎన్ని కొలతలు తీస్తే అందులో సగం దాకా ధ్వని పడుతుంది కాబట్టి, సీడీ లెక్క ప్రకారమే 22 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. మనిషి చెవి పడుచు వయసులో 20 దగ్గర ఆగుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా దిగుతుంది. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 554 సార్లు పరీక్ష పెట్టారు. హై-రెజల్యూషన్ డిస్కును నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమన్నారు. సరైన జవాబులు 49.8 శాతం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ 18 అధ్యయనాలను కలిపి లెక్క వేస్తే 52.3 శాతం వచ్చింది. తేడా ఉంది, కానీ ఇంత చిన్నది. రికార్డింగ్ ఎంత శ్రద్ధగా చేశారు, మాస్టరింగ్‌లో, అంటే పాటకు చివరి మెరుగులు దిద్దేటప్పుడు, ధ్వనిని ఎంత నొక్కిపట్టి పెద్దది చేశారు అన్నది ఇంతకంటే ఎన్నో రెట్లు చెవికి తెలుస్తుంది. ఘంటసాల కాలపు మోనో రికార్డింగ్‌ను 192లోకి మార్చినంత మాత్రాన ఆనాటి మైకు పట్టని ధ్వని అందులో పుట్టదు. పాత టేపును జాగ్రత్తగా శుభ్రం చేసి సీడీ స్థాయిలో ఇచ్చినా నాకు చాలు.

2016 తర్వాత కథ వింతగా తిరిగింది. మెమరీ కార్డులు చౌకయ్యాయి, చోటు సమస్య పోయింది. 2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ తన పాటలను లాస్‌లెస్‌లో, అంటే ఏమీ వదిలేయకుండా, అదనపు రుసుము లేకుండా ఇచ్చింది. మొండిగా ఆగిన స్పాటిఫై కూడా 2025లో దిగివచ్చింది. అంటే డ్యాప్ పుట్టడానికి కారణమైన మొదటి కొరత తీరిపోయింది. అదే సమయంలో ఫోన్ల నుంచి జాక్ మాయమై రెండో కొరత మొదలైంది. బ్లూటూత్‌లో పాటను పంపే సోనీ వారి పద్ధతి ఎల్‌డాక్ కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్, సీడీ కంటే తక్కువే. ఇలా తీగతో వినాలనుకునేవాళ్లు మళ్లీ డ్యాప్ వైపు తిరిగారు. కానీ జాక్ కోసమే అయితే ఆపిల్ 9 డాలర్లకు అమ్మిన చిన్న అడాప్టర్‌లో కూడా ఒక డ్యాక్ ఉంది. మామూలు ఇయర్‌ఫోన్లకు అది శుభ్రంగా సరిపోతుంది. డ్యాప్‌కు నిజమైన పని మిగిలింది వోల్టేజీ గట్టిగా కావాల్సిన పెద్ద హెడ్‌ఫోన్ల దగ్గరే. ఫోన్ మోగకుండా, నోటిఫికేషన్ల టెన్షన్ లేకుండా ఒక గంట పాట వినాలనుకునేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. ఈ రెండో కారణాన్ని నేను తక్కువ చేయను.

2020 అక్టోబర్ 20న జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం అనే కంపెనీ చిప్ ఫ్యాక్టరీ తగలబడింది. మంటలు మూడు రోజులకు పైగా ఆరలేదు. ఖరీదైన డ్యాప్‌లలో చాలావాటికి డ్యాక్ అక్కడినుంచే వచ్చేది. తయారీదారులు హడావుడిగా వేరే చిప్‌లకు మారారు. ఎన్నో ఏళ్లుగా ఏకేఎం చిప్ లేకపోతే ఆ ధ్వని రాదని ప్రచారం చేసిన రంగం ఏడాదిలోపు వేరే చిప్‌తో అంతే గొప్ప ధ్వని ఉందని చెప్పింది.

స్ట్రీమింగ్ వచ్చాక చాలా డ్యాప్‌లలోకి ఆండ్రాయిడ్ వచ్చేసింది. 2023 జనవరిలో సోనీ మన దేశంలో జెడ్ఎక్స్707ను 69,990 రూపాయలకు తెచ్చింది, ఆండ్రాయిడ్‌తోనే. దీంతో ఫోన్‌కున్న రోగమే ప్లేయర్‌కూ పట్టింది. ఆండ్రాయిడ్ వెర్షన్ పాతబడితే యాప్‌లు ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. బ్యాటరీని జిగురుతో అతికిస్తే మార్చుకోవడం కష్టం. ఆంప్లిఫయర్ పదేళ్లు నిక్షేపంగా ఉన్నా, పక్కనున్న సాఫ్ట్‌వేర్ నాలుగైదేళ్లకే ముసలిదైపోతుంది. కొనేముందు డ్యాక్ చిప్ పేరు అడిగేవాళ్లు బ్యాటరీ మార్చుకోవచ్చా అని కూడా అడగాలి.

2022లో సోనీ ఆ బంగారు పూత వాక్‌మన్‌కు రెండో తరం తెచ్చింది, అందులో ఆండ్రాయిడ్ పెట్టింది. 2016 నాటి మొదటిదానిలో ఆండ్రాయిడ్ లేదు, స్ట్రీమింగ్ యాప్‌లు లేవు. మెమరీలో ఉన్న ఫ్లాక్ ఫైల్‌ను అది కొన్న రోజు ఎలా వాయించిందో ఇప్పటికీ అలాగే వాయిస్తుంది.