వరదొస్తే ముందు కదిలేది వాలీబాల్ కుర్రాళ్లే

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 17 లక్షల క్యూసెక్కులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట టీవీలో వచ్చేసరికే ఏటి మధ్య లంకల్లో కాజ్‌వేలు మునిగి ఉంటాయి. జనం సామాన్లు అటకెక్కించి, గొడ్లను ఏటిగట్టుకి తోలేసి, పడవ కోసం చూస్తుంటారు. అప్పుడు చివరి పేటల దాకా ముందుగా వెళ్లేది చాలాసార్లు ఊరి వాలీబాల్ టీమో, క్రికెట్ టీమో.

ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. దసరాకి అమలాపురం వీధుల్లో కర్రలు, కత్తులు తిప్పే తాలింఖానా చూసినవాళ్లకి తెలుసు, కోనసీమలో ఆటంటే వీధి మొత్తానిది. నేర్పే గురువు, నేర్చుకునే కుర్రాళ్లు, ఖర్చుకి ఇంటింటా చందా. తర్వాత చెడుగుడు, వాలీబాల్ వచ్చినా ఆ పద్ధతి పోలేదు. 1972లో నెహ్రూ యువక కేంద్రాలు మొదలయ్యాక ఊరి యువజన సంఘాలకి కాస్త గుర్తింపు కూడా వచ్చింది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని తుడిచిపెట్టేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా కూలాయి. ఊళ్లోకి బియ్యం లారీ రావాలంటే ముందు ఆ చెట్లు నరకాలి, అందుకు పదిమంది ఒకచోట చేరాలి. రోజూ సాయంత్రం ఒకే కోర్టులో ఆడేవాళ్లకి వేరే పిలుపు అక్కర్లేదు.

2022 జూలైలో వరద 25 లక్షలు దాటినప్పుడు ఒక లంక ఎదుట గట్టు మీద నేనున్నాను. నెట్టు తాడు విప్పుకొచ్చి బరకాలు బిగిస్తున్నారు. కెప్టెన్ కుర్రాడు నోటుబుక్కు అట్ట మీద మందుల పేర్లు రాసుకున్నాడు. పడవలోంచి ఒకడు డాబా మీదకి అరుస్తున్నాడు: "మామ్మా, నీ షుగర్ బిళ్లల చీటీ సంచిలో పెట్టి తాడుతో కిందకి వదులు!" ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో వాళ్లకి లిస్టు చూడక్కర్లేదు. ఏటా చందాకి తిరిగే ఇళ్లేగా.

అయితే టీములు చాలా ఊళ్లలో పేటల వారీగానే ఉంటాయి. కూలి పనులకెళ్లే పేటలో చందా తక్కువ, ఇల్లు పల్లంలో, వరద ముందు తగిలేదీ అక్కడే. అంటే అవసరం ఎక్కువున్న టీము దగ్గరే డబ్బు తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చేది టోర్నమెంట్లే. మొన్న మనల్ని ఓడించిన పక్కూరి టీము నంబరు ఫోన్లో ఉంటుంది, ఒక్క కాల్‌కి వాటర్ క్యాన్లు వస్తాయి. ఇంకో మాట. లైఫ్ జాకెట్ లేకుండా వాళ్లు ప్రవాహంలో దిగడాన్ని ధైర్యమని మెచ్చుకుని ఊరుకోవడం తప్పు. జాకెట్లూ, శిక్షణా వరదకి ముందే, వేసవిలోనే ఇవ్వాలి.

నీళ్లు తీశాక ఆ లంకలో కోర్టు మీద మోకాలి లోతు ఒండ్రు. కుర్రాళ్లు ముందు ఇళ్లు కడిగారు, తర్వాత బడి. మళ్లీ నెట్టు కట్టేసరికి వినాయక చవితి వెళ్లిపోయింది.