రాసే పని, దిద్దే పని: నల్లగొండ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఒక దశదినకర్మ కార్డులో పడింది. 2002లో నల్లగొండ రామగిరిలో ఒక డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరిన కొత్త. పాత పెళ్లికార్డు ఫైలు తెరిచి, పేర్లు మార్చి, తేదీ మార్చి, స్థలం మార్చి ప్రింటుకు ఇచ్చేశాను. రెండు వందల కార్డులు. చివరి లైను మాత్రం అట్లనే ఉండిపోయింది: "సకుటుంబ సపరివారంగా విచ్చేసి, విందారగించి మమ్మల్ని ఆనందింపజేయ ప్రార్థన." ఆ ఇంటి పెద్దకొడుకు గుండుతో వచ్చాడు. తిట్టలేదు. ఆ లైను మీద వేలు పెట్టి ఊరికే నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఏ ప్రూఫైనా ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందినుంచి పైకి చూస్తాను. మనం మార్చిన చోట తప్పు దొరుకుతుంది, మార్చని చోట దాక్కుంటుంది.

డీటీపీ తర్వాత ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా ఎనిమిదేళ్లు చేశాను. ఇప్పుడు ఇంట్లోనే కూర్చొని పుస్తకాలు ఎడిట్ చేస్తున్నాను. డిగ్రీ పిల్లలు "అక్కా, రైటర్ కావాలంటే ఏం చదవాలె?" అని వస్తారు. రిటైరైన సార్లు కట్టకట్టిన నోటుబుక్కులతో వస్తారు. ఇద్దరి నోటా అవే మాటలు. ఒక్కొక్కటిగా చెప్తాను.

అపోహ: ఎంఏ తెలుగో, జర్నలిజం పట్టానో లేకుంటే ఈ దారిలోకి రానివ్వరు.

నాది బీకాం. పత్రికల్లోకి కొత్తవాళ్లను తీసుకునేది ఎక్కువగా రాతపరీక్ష పెట్టే. ఈనాడు, ఆంధ్రజ్యోతి, సాక్షి వంటి సంస్థలు సొంత జర్నలిజం స్కూళ్లు నడిపి, పరీక్షలో నెగ్గినవాళ్లకు శిక్షణ ఇచ్చి డెస్కుల్లోకి, అంటే వార్తలు దిద్దే విభాగాల్లోకి, తీసుకున్నాయి. ఆ పరీక్షలో చాలామంది బోల్తా పడేది వ్యాసం దగ్గర కాదు, అనువాదం దగ్గర. ఇంగ్లిష్‌లో నాలుగు పేరాల వార్త ఇస్తారు, తెలుగులో వార్తలాగ చదవబుద్ధయ్యేలా రాయాలి. "అన్నారు" అని ముగించాల్సిన చోట "అని ఆయన పేర్కొనడం జరిగింది" అని రాసినవాడి పేపరు అక్కడే పక్కకు పోతుంది.

చదువు దండగ అనడం లేదు. తెలుగు ఎంఏ చేసినవాళ్లకు ఛందస్సు, పాత కావ్యాల పరిచయం ఉంటుంది. పద్యాల పుస్తకం దిద్దాల్సి వస్తే నేను వాళ్ల కాళ్ల మీద పడాల్సిందే. గణం తప్పిందో లేదో నాకు వేళ్ల మీద లెక్కపెడితే తప్ప తెలియదు. తెలుగు పండిట్ ఉద్యోగం చేస్తూ రాసుకున్నవాళ్లు మన దగ్గర లెక్కలేనంత మంది. నెల జీతం ఉన్న రచయిత నిమ్మళంగా రాస్తాడు, ఆ మాట కూడా నిజమే.

అపోహ: ఎడిటర్ అంటే అచ్చుతప్పులు దిద్దే మనిషి.

అది ప్రూఫ్‌రీడర్ పని, అదీ చిన్న పనేం కాదు. ఎడిటింగ్ అంటే ఏమిటో ఒక్క వాక్యంతో చూపిస్తాను. దేవరకొండ వైపు ఒక రిటైర్డ్ టీచర్ తన జ్ఞాపకాలు రాసుకొచ్చారు. అందులో ఇట్లా ఉంది:

"నా బాల్యంలో మా గ్రామమునందు గల ప్రాథమిక పాఠశాలలో విద్యనభ్యసించుచున్న రోజులలో మా తండ్రిగారు నాకు ఒక పలకను కొనుగోలు చేసి ఇవ్వడం జరిగింది."

మొదటి దెబ్బకు భాష దిద్దాను: "మా ఊరి బడిలో చదివే రోజుల్లో నాయిన నాకు పలక కొనిచ్చాడు." పద్దెనిమిది మాటలు తొమ్మిదికి వచ్చాయి. కానీ దీంట్లో కూడా ఏమీ లేదు. పలక ఎవరి నాయినైనా కొనిస్తాడు. ఫోన్ చేసి అడిగాను, "సార్, ఆ పలక ఎక్కడ కొన్నడు మీ నాయిన?" అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన పుస్తకం భాష వదిలేసి మాట్లాడారు: "దేవరకొండలనమ్మా. నడిచి పోయి నడిచి వచ్చిండు. పలుగుతదేమోనని తువ్వాలల చుట్టి కడుపుకు కట్టుకున్నడు. ఇంటికొచ్చి విప్పితే పలక ఎచ్చగున్నది."

పలక వెచ్చగా ఉంది. నోటుబుక్కులో ఈ మాట లేదు. నలభై ఏళ్లు పిల్లలకు వ్యాసరచన నేర్పిన సారు, రాయాల్సి వచ్చేసరికి దాన్ని పక్కనపెట్టి "కొనుగోలు చేసి ఇవ్వడం జరిగింది" అని రాశారు. ఆ మాటనే పుస్తకంలోకి ఎక్కించాం. అందులో నా సొంత అక్షరం ఒక్కటీ లేదు. అడిగిన ప్రశ్న మాత్రం నాది. ఎడిటర్‌కు డబ్బులిచ్చేది ఆ ప్రశ్నకే.

అపోహ: రచయిత కాలేనోళ్లే ఎడిటర్లు అవుతారు.

నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్లకు పాలమూరు చరిత్రలోంచే జవాబు చెప్తాను. సురవరం ప్రతాపరెడ్డి న్యాయవాది, కవి, చరిత్రకారుడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టి నడిపిన సంపాదకుడు. తెలంగాణలో కవులు లేరని ఎవరో రాస్తే, కోపంగా ఒక సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరా ఉన్న కవుల పద్యాలు తెప్పించి, ఏర్చి, వరుస కట్టి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. 354 మంది కవులు. ఆ జవాబులో ఆయన చేసింది ఎడిటింగ్ పనే: పిలిపించుకోవడం, ఎంచడం, అమర్చడం. సాహిత్య అకాడమీ తెలుగు రచనకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి కూడా ఆయన రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కే, 1955లో. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఈమధ్య ఆయన పేరే పెట్టారు. రాయడానికీ దిద్దడానికీ మధ్య గోడ కట్టినవాళ్లు ఆయన్ని ఏ పక్కన నిలబెడతారో నాకైతే తెలియదు.

అపోహ: హైదరాబాద్ పోకుంటే లాభం లేదు.

1922లో నీలగిరి పత్రిక నల్లగొండ నుంచే వచ్చింది, షబ్నవీసు వెంకట రామనరసింహారావు సంపాదకత్వంలో. నిజాం రాజ్యం, చదవను వచ్చినవాళ్లే తక్కువ, ఉర్దూదే రాజ్యం. అట్లాంటి రోజుల్లో అయిన పని ఇంటికి ఇంటర్నెట్ ఉన్న ఈ రోజుల్లో ఎందుకు కాదు? నా దగ్గరికి పని మెయిల్లో వస్తుంది, ఫోన్లో వస్తుంది. హైదరాబాద్ పోయేది ప్రెస్సులో రంగు చూసుకోవడానికి, బుక్ ఫెయిర్‌కు. అంతే. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పత్రిక డెస్కులో పదిమంది పక్కన కూర్చొని, రాత్రి పదింటికి పేజీ వదలాల్సిన తొందరలో నేర్చుకున్నది ఇంట్లో ఒంటరిగా నేర్చుకోలేం. నేర్చుకునేటప్పుడు మనుషుల మధ్య ఉండాలి, తర్వాత ఎక్కడుంటే ఏం.

అపోహ: మన యాస పుస్తకానికి పనికిరాదు. (దీని తమ్ముడు: యాసలో రాస్తే చాలు, అదే సాహిత్యం.)

నేను డెస్కులో చేరిన కొత్తలో మండలాల నుంచి విలేకరులు "యాసంగి" అని రాసి పంపితే "రబీ" అని మార్చేవాళ్లం. "కైకిలి" అంటే "కూలి", "చెల్క" అంటే "మెట్ట భూమి". నా చేత్తోనే కొట్టేశాను, దాచుకునేదేముంది. మా అమ్మ కైకిలికి పోయి నన్ను చదివించింది, నేను డెస్కులో కూర్చొని ఆ మాట కొట్టేశాను. ఇప్పుడు ప్రభుత్వ ప్రకటనల్లోనే వానకాలం, యాసంగి అని వస్తున్నాయి. "దూప" అని రాసిన కథ నా దగ్గరికి వచ్చినప్పుడు, దానికి ఒత్తు పెట్టి "ధూప" చేసిన ప్రూఫ్ ఒకటి చూశాను. దాహమైన ముసలమ్మకు సాంబ్రాణి వేసినట్టయింది.

ఇక తమ్ముడి సంగతి. వాక్యానికో "గిట్ల", "గట్ల" చల్లితే యాస కాదు. దక్షిణ తెలంగాణకంతా ఒకే యాస అనుకోవడం ఇంకో పొరపాటు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మాటలో కన్నడం, రాయలసీమ పలుకు కలుస్తాయి. కోదాడ దిక్కు పోతే ఖమ్మం, కృష్ణా గాలి తగులుతుంది. అచ్చంపేట అడవి దిక్కు మనిషి, మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసే మనిషి ఒకే తీరుగ మాట్లాడుతున్న కథ నాకొస్తే, మార్జిన్లో ఒకే ప్రశ్న రాస్తాను: "ఈయన ఏ ఊరాయన?" రచయితకు తెలిస్తే మాట అదే మారుతుంది. తెలియకపోతే ఆ పాత్ర ఇంకా పుట్టలేదన్నట్టు.

అపోహ: రాస్తే డబ్బులొస్తాయి. అపోహ: రాస్తే డబ్బులు రావు.

రెండూ వింటూనే ఉంటాను. మండల విలేకరికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన వార్త కొలత మీద నెలాఖరుకు ఏదో వస్తుంది. అది పెట్రోలుకే చాలదు. కథకు, కవితకు వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. పుస్తకం వేస్తే తెలుగులో చాలాసార్లు ఖర్చు రచయితదే. 500 కాపీలు వేసి, వంద పంచి, మిగిలినవి మంచం కింద పెట్టుకున్న కవులు నాకు బాగా తెలుసు.

బతుకు నడిచేది పక్కదారుల్లో. అనువాదం, పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల మెటీరియల్, సబ్‌టైటిల్స్, ఆడియో కథలకు స్క్రిప్టు, సంస్థల వార్షిక నివేదికలు, ఆత్మకథలు రాసిపెట్టడం. వీటికి పేరు రాదు, పైసలు వస్తాయి. నా నెల ఖర్చుల్లో ఎక్కువ భాగం అనువాదాలు దిద్దడంతోనే వెళ్తుంది. కొత్తవాళ్లకు ఒక్క జాగ్రత్త: పని ఒప్పుకునేటప్పుడే పేజీకా, మాటకా, ఎన్నిసార్లు దిద్దాలి, అడ్వాన్స్ ఎంత అన్నది ఫోన్లో కాకుండా రాతలో తీసుకోండి. "మనం మనం ఒకటే కదమ్మా" అన్న పెద్దమనిషి దగ్గర నాకు ఇంకా రెండు పుస్తకాల డబ్బు రావాలి.

ఇక పుస్తకం వేసేవాళ్లు మోసపోయే చిన్న చిన్న సంగతులు గబగబా చెప్పేస్తాను.

పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు కొనాలంటారు. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయిత సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాపీరైట్ రిజిస్టర్ చేయకపోతే హక్కు ఉండదంటారు. 1957 చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మనదే. రిజిస్ట్రేషన్ తగాదా వస్తే సాక్ష్యానికి పనికొస్తుంది, అంతవరకే. ఆ హక్కు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. పేజీలెన్నైనా పర్లేదంటారు. పర్లేదు కాదు. డెమ్మీ 1/8 సైజులో ఫారానికి, అంటే ప్రెస్సులో అచ్చుకెక్కే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. 128 పేజీలంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. 131 వచ్చిందంటే మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు, లేదంటే చివర తెల్ల కాగితాలు. ఆ మూడు పేజీలు తగ్గించగలిగితే ఎడిటర్ ఫీజులో కొంత అక్కడే గిట్టుబాటు.

డీటీపీలో వాడే అను ఫాంట్లలో ఉన్న పాత ఫైలు, ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మారిస్తే పని అయిపోయినట్టే అనుకుంటారు. నేను డీటీపీ మనిషిని కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్తాను: మార్చిన తర్వాతే పని మొదలు. ఒత్తులు ఎగిరిపోతాయి, అంకెలు మారతాయి, "సాఫ్ట్‌వేర్" కాస్తా టకారానికి వకారం ఒత్తై కూర్చుంటుంది. మధ్యలో కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది, అది పడాలి. ఇవి తెలిసిన ఎడిటర్‌ను ప్రెస్సువాళ్లు వదులుకోరు.

అపోహ: ఏఐ వచ్చింది, ఇక దిద్దేవాళ్లెందుకు?

నేనూ వాడుతున్నాను, పొడుగు రిపోర్టులకు, మొదటి ముసాయిదాకు. కానీ మొన్న ఒక అనువాదం యంత్రంతో చేయించి పంపారు. ఒకే పేజీలో తాత మొదట "అన్నాడు", తర్వాత "అన్నారు", చివర "అంది". కోడలు మామను "నువ్వు" అంటోంది. వ్యాకరణం ప్రతి వాక్యంలో సరిగ్గానే ఉంది. ఆ ఇంట్లో ఎవరికి ఎవరు ఏమవుతారో మాత్రం యంత్రానికి పట్టలేదు. దిద్దడానికి నాకు అనువాదం చేసినంత సమయం పట్టింది, ఇచ్చింది మాత్రం ప్రూఫ్ రేటు. యంత్రం మన పని తీసేయడం కన్నా, మన పనికి చవక పేరు పెట్టించడం నాకు ఎక్కువ భయం.

పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు నేను ఒక్క పరీక్షే పెడతాను. జిల్లా పేజీలోంచి రెండు వందల మాటల రోడ్డు ప్రమాద వార్త ఇచ్చి అరవై మాటలకు తగ్గించమంటాను. మొన్న ఒకబ్బాయి యాభై ఎనిమిదిలో తెచ్చాడు, భాష చక్కగా ఉంది. చూస్తే చనిపోయినాయన ఊరి పేరు పోయింది, పరామర్శించిన నాయకుడి పేరు మిగిలింది. కాగితం వెనక్కిచ్చి ఊరి పేరున్న చోట వేలు పెట్టాను. వాడే చూసుకొని, "అయ్యో అక్కా" అని పెన్ను అడిగాడు. సోమవారం నుంచి రమ్మన్నాను.